మీ కౌన్సిలర్ ఐదేళ్ల రికార్డును కాగితాల్లో చూసుకోవడం ఎలా?

మా వీధి చివర మురుగు కాలువ నాలుగేళ్లు పొంగింది. గట్టి వాన పడితే నీళ్లు గుమ్మాల దాకా వచ్చేవి. "మన కౌన్సిలర్ పట్టించుకోడు" అని నేనూ పది మంది దగ్గర అన్నాను. తర్వాత ఒక రోజు మున్సిపల్ ఆఫీసులో కూర్చుని కౌన్సిల్ మినిట్స్, అంటే సమావేశాల్లో ఏం జరిగిందో రాసిపెట్టే రికార్డు, తిరగేశాను. ఆ కాలువ గురించి ఆయన మూడు సమావేశాల్లో అడిగినట్టు రాసి ఉంది. అంచనా వేశారు, టెండర్ పిలిచారు, ఒక్క కాంట్రాక్టరూ రాలేదు. అదే కట్టలో ఇంకో సంగతి కూడా కనబడింది. తానే తెచ్చానని ఆయన ఫ్లెక్సీ కట్టుకున్న సీసీ రోడ్డు, ఆయన గెలవక ముందే మంజూరై ఉంది. అంటే నేను తిట్టిన చోట ఆయన తప్పు లేదు, మా వీధివాళ్లు మెచ్చుకున్న చోట ఆయన గొప్పా లేదు. ఈ రెండూ తెలియకుండానే ఐదేళ్లు గడిపేశాం.

ఎమ్మెల్యే గురించి పేపర్లు రాస్తాయి. కౌన్సిలర్ గురించి జిల్లా పేజీలో కూడా పెద్దగా రాదు. కానీ నల్లా, కాలువ, వీధి దీపం, చెత్త బండి, ఇవన్నీ ఆయన కూర్చునే కౌన్సిల్ చేతిలోనే ఉంటాయి. అందుకే ఆ రికార్డును మనమే తీసి చూసుకోవాలి. సెలవు రోజుల్లో ఇంట్లో చేసే పని కొంత, ఆఫీసుకు రెండు మూడు సార్లు తిరగడం కొంత. నెల, నెలన్నర పడుతుంది. మున్సిపాలిటీలో కౌన్సిలర్ అన్నా, కార్పొరేషన్‌లో కార్పొరేటర్ అన్నా పద్ధతి ఒకటే. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి నడుపుతున్నా ఫర్వాలేదు, పాత రికార్డు ఆఫీసులోనే ఉంటుంది. నిజానికి మళ్లీ ఎన్నికలు రాబోయే ముందు ఈ పని చేయడమే మంచిది.

ముందుగా, ఆయన పని ఏది, ఆయన పని కానిది ఏది

ఇది తేల్చుకోకుండా మొదలుపెడితే అన్యాయంగా తీర్పు చెబుతాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ సంస్థలకు ఐదేళ్ల గడువు, ప్రత్యేక ఎన్నికల సంఘం దాని వల్లే వచ్చాయి. దానితో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలు ఉన్నాయి. తాగునీరు, పారిశుధ్యం, వీధులు, మురికివాడల అభివృద్ధి, పార్కులు, శ్మశానాలు, వీధి దీపాలు, జనన మరణాల నమోదు అందులోవే.

కౌన్సిలర్ చేతిలో ఉన్నవి ప్రధానంగా మూడు: సమావేశంలో అడగడం, తీర్మానం మీద ఓటు వేయడం, బడ్జెట్‌లో తన వార్డుకు పనులు పెట్టించడం. ఇంటి ప్లాన్‌కు అనుమతి, సిబ్బంది బదిలీలు, బిల్లుల చెల్లింపు కమిషనర్ వైపు ఉంటాయి. తెలంగాణలో ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి. పింఛను, రేషన్ కార్డు మంజూరు చేసే అధికారం కౌన్సిలర్‌కు లేదు, మాట సాయం మాత్రం చేయగలడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ఇలాంటి దరఖాస్తులు వార్డు సచివాలయాలకు వెళ్తున్నాయి. కాబట్టి "పింఛను ఇప్పించలేదు" అన్న ఫిర్యాదును ఒక పక్కన పెట్టండి. "కౌన్సిల్‌లో నోరు విప్పాడా?" అన్న ప్రశ్నను పైకి తీసుకోండి.

వార్డు హద్దులు చూడండి

చిన్న పనే, కానీ తప్పు జరిగేది ఇక్కడే. వార్డుల పునర్విభజన జరిగినప్పుడల్లా నంబర్లు, హద్దులు మారతాయి. పాత 12వ వార్డు ఇప్పుడు 17 కావచ్చు, సగం వీధులు పక్క వార్డుకు పోవచ్చు. మున్సిపల్ ఆఫీసులో వార్డు విభజన నోటిఫికేషన్ అడగండి. అందులో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర హద్దులు వీధి పేర్లతో సహా ఉంటాయి. మీ వీధి అందులో ఉందో లేదో చూసుకోండి. పాత ఎన్నికతో పోల్చాలంటే రెండు నోటిఫికేషన్లూ పక్కపక్కన పెట్టుకోండి. హద్దులు బాగా మారితే ఓట్ల పోలిక మానేయండి.

నామినేషన్‌తో ఇచ్చిన ప్రకటన

అభ్యర్థులు తమ నేర చరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు వెల్లడించాలని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. 2003లో దాన్ని మరింత గట్టిచేసింది. ఆ బాటలోనే రెండు తెలుగు రాష్ట్రాల ఎన్నికల సంఘాలు మున్సిపల్ అభ్యర్థుల దగ్గర కూడా ప్రకటన పత్రం తీసుకుంటాయి. ముందు రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో వెతకండి. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు చూసే కేంద్ర ఎన్నికల సంఘం వేరు, అక్కడ మున్సిపల్ అభ్యర్థులు దొరకరు. ఇది తెలియక చాలామంది మొదటి రోజే విసిగిపోతారు. వెబ్‌సైట్‌లో లేకపోతే మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ పెట్టి నకలు అడగండి.

ఆ పత్రంలో నాలుగు చోట్ల ఆగి చదవండి. కేసుల దగ్గర నంబరు, కోర్టు పేరు రాసుకోండి. ఈ-కోర్ట్స్ సైట్‌లో ఆ నంబరు కొడితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది. పెండింగ్ కేసు వేరు, శిక్ష పడిన కేసు వేరు. ధర్నా చేసినందుకు పెట్టిన కేసునూ, భూమి కబ్జా కేసునూ ఒకే గాటన కట్టకండి. ఆస్తుల దగ్గర, ఆయన అంతకు ముందు కూడా పోటీ చేసి ఉంటే పాత పత్రంతో పోల్చండి. ఉమ్మడి రాష్ట్రంలో చివరి మున్సిపల్ ఎన్నికలు 2014 మార్చి 30న జరిగాయి, తర్వాతివి తెలంగాణలో 2020 జనవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చిలో. ఇంత ఎడంలో భూమి విలువ దానంతట అదే పెరుగుతుంది. కాబట్టి రూపాయల కంటే స్థలాల సంఖ్య, సర్వే నంబర్లు చూడడం మేలు. కొత్తగా చేరినవి ఏవి, ఎప్పుడు కొన్నారు అన్నదే అసలు ప్రశ్న. మూడోది వృత్తి. సొంతంగానో కుటుంబం పేరునో కాంట్రాక్టు పనులు ఉన్నాయా అని చూడండి, మున్సిపాలిటీతో కాంట్రాక్టు ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండడానికి చట్టం ఒప్పుకోదు. నాలుగోది అప్పులు, ముఖ్యంగా మున్సిపాలిటీకి కట్టాల్సిన పన్ను బకాయిలు.

ఎన్నికల ఖర్చు లెక్క కూడా ఉంటుంది. ఫలితాల తర్వాత గడువులోపు దాఖలు చేయాలి, చేయనివారిని సంఘం అనర్హులుగా ప్రకటించవచ్చు. 2020 జీహెచ్ఎంసీ (హైదరాబాద్ మహానగర కార్పొరేషన్) ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి పరిమితి 5 లక్షల రూపాయలు. మన కళ్లతో చూసిన ఖర్చుకూ, కాగితం మీద రాసిన ఖర్చుకూ తేడా ఉండొచ్చు. మీ దగ్గర రుజువు ఉంటే తప్ప అది మీ పేజీలోకి రాకూడదు.

గెలుపు ఎంత బలమైనది?

"భారీ మెజారిటీతో గెలిచాడు" అన్న మాటను లెక్కలోకి మార్చండి. మొత్తం ఓటర్లు, పోలైనవి, గెలిచినవారికి వచ్చినవి, రెండో స్థానంలో ఉన్నవారికి వచ్చినవి, నోటా, చెల్లనివి. ఈ ఆరు అంకెలు చాలు. ఒక వార్డులో 3,000 ఓటర్లు, 1,800 పోలైనవి, గెలిచినవారికి 700, రెండో వారికి 640 అనుకుందాం. పోలైనవాటిలో ఆయనకు వచ్చింది సుమారు 39 శాతం. మొత్తం ఓటర్లలో చూస్తే 23 శాతం. తేడా 60 ఓట్లు, అంటే రెండు అపార్ట్‌మెంట్ల జనం. అలాంటి వార్డులో మీ వీధి పది ఇళ్లు కలిసి వెళ్లి అడిగితే ఆ మాటకు విలువ ఉంటుంది. నేను ఈ లెక్క వేసుకున్నాకే మా కాలువ కోసం ఒక్కడినే కాక పన్నెండు మందిమి కలిసి వెళ్లాం.

పోలింగ్ శాతం మీద కూడా కన్నేయండి. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీలో 150 డివిజన్లకు, అంటే కార్పొరేషన్ వార్డులకు, పోలింగ్ జరిగితే సగం మంది కూడా ఓటు వేయలేదు. ఫలితాల్లో టీఆర్ఎస్ మొదట, బీజేపీ 48తో రెండో స్థానంలో, మజ్లిస్ 44తో మూడో స్థానంలో నిలిచాయి. అలాంటి చోట 20 శాతం ఓటర్ల మద్దతుతోనే గెలిచే అవకాశం ఉంటుంది.

ఏకగ్రీవం అయితే ఈ లెక్కకు తావే లేదు. 2021లో పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్ల మున్సిపాలిటీల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. అక్కడ సభ్యుల ఓట్ల బలం ఎంతో చెప్పే కాగితం లేదు. దాన్ని గొప్ప మద్దతు అనీ రాయకండి, బలవంతం అనీ రాయకండి. "పోటీ జరగలేదు" అని రాసి, ఎవరెవరు నామినేషన్ వేసి ఉపసంహరించుకున్నారో జాబితా అడగండి. మరోవైపు అదే ఎన్నికల్లో తాడిపత్రిలో 36 వార్డులకు టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి 1, ఇండిపెండెంట్‌కు 1 వచ్చాయి. అలాంటి కౌన్సిల్‌లో ఒక్కొక్క సభ్యుడి ఓటూ చైర్మన్ కుర్చీని తేల్చగలదు. మీ కౌన్సిలర్ బరువు ఎంత అన్నది ఆయన మెజారిటీతో పాటు కౌన్సిల్‌లో పార్టీల లెక్క మీద కూడా ఆధారపడుతుంది.

బూత్‌ల వారీగా ఓట్లు అడిగి నిరాశపడకండి. 2020, 2021లో జరిగిన ఈ ఎన్నికలు బ్యాలెట్ పేపర్‌తో జరిగాయి. లెక్కింపులో పేపర్లను 25 చొప్పున కట్టలు కట్టి, వార్డు మొత్తానివి కలిపి లెక్కపెడతారు. మీ వీధి ఎవరికి వేసిందో చెప్పే కాగితం ఉండదు. అలా చెప్పేవాళ్ల మాట ఊహే.

కౌన్సిల్ రికార్డు: అసలు పని ఇక్కడ

ఇక్కడ తొందరపడకండి. మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో ఉండే పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. ఫీజు 10 రూపాయలు. నగదు, పోస్టల్ ఆర్డర్, కోర్టు ఫీ స్టాంప్ ఏదైనా పనికొస్తుంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు, కార్డు నకలు జతచేస్తే చాలు. తెలుగులోనే రాయండి. కారణం చెప్పాల్సిన పని లేదు. నేను రాసింది దాదాపు ఇలా ఉంటుంది:

"మన మున్సిపాలిటీ ఫలానా వార్డుకు సంబంధించి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ క్రింది సమాచారం ఇవ్వగలరు. 1. జరిగిన సాధారణ, అత్యవసర కౌన్సిల్ సమావేశాల తేదీలు, ఒక్కో సమావేశపు హాజరు పట్టిక నకలు. 2. ఈ వార్డు పేరు ఉన్న అజెండా అంశాలు, వాటిపై చేసిన తీర్మానాల నకళ్లు. 3. వార్డులో మంజూరైన పనుల జాబితా: పని పేరు, ఏ పద్దు నిధులు, అంచనా మొత్తం, పని అప్పగించిన తేదీ, పూర్తయిన తేదీ, చెల్లించిన బిల్లు. 4. పై రికార్డులను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం."

నాలుగో అంశాన్ని వదలకండి. నకళ్లకు పేజీకి 2 రూపాయలు, ఐదేళ్ల మినిట్స్ వందల పేజీలు అవుతాయి. స్వయంగా చూడడానికి మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. కూర్చుని చూసి, కావాల్సిన పేజీలకే నకలు అడగండి. నేను అలాగే చేశాను.

దరఖాస్తులో "ఎందుకు చేయలేదు?" లాంటి ప్రశ్నలు పెట్టకండి, ఉన్న కాగితాన్ని మాత్రమే అడగాలి. కౌన్సిలర్ ఇంటి విషయాలు, కుటుంబ సభ్యుల వివరాలు అడగకండి. వ్యక్తిగత సమాచారం అని తిరస్కరించే అవకాశం ఇప్పుడు ఇంకా పెరిగింది. సభలో హాజరు, తీర్మానం, పనుల పద్దు ప్రజా కార్యకలాపాలే. వాటి మీదే నిలబడండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, అరకొరగా వస్తే, 30 రోజుల్లోపు అదే ఆఫీసు పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నాకు మొదటి అప్పీలు రాశాకే కాగితాలు వచ్చాయి. టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు, ఒక పేజీ ఉత్తరమే.

ఇక మినిట్స్ చదివే పద్ధతి. హాజరు పట్టికలో సంతకాలు లెక్కపెట్టండి. అయితే సంతకం పెట్టి పది నిమిషాల్లో వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. అందుకని చర్చలో పేరు ఎన్నిసార్లు వచ్చిందో విడిగా రాసుకోండి. ప్రతి తీర్మానం కింద "ఆమోదించడమైనది" అనే ఉంటుంది కాబట్టి అందులో మనకు దొరికేది తక్కువ. "వాయిదా", "అభ్యంతరం", "డిసెంట్" (అసమ్మతి) అన్న మాటలు ఉన్న చోట ఆగండి. ఎవరు అభ్యంతరం చెప్పారు, ఎందుకు చెప్పారు, తర్వాతి సమావేశంలో ఏమైంది అని వెంట వెళ్లండి. టేబుల్ అజెండా అంశాలను తప్పకుండా చూడండి. ముందుగా సభ్యులకు పంపకుండా సమావేశం రోజునే బల్ల మీద పెట్టేవి అవి. పెద్ద మొత్తాల పనులు అలా వచ్చినప్పుడు మీ కౌన్సిలర్ ప్రశ్నించారా, మౌనంగా ఉన్నారా? ఒక సభ్యుడి ధైర్యం నాకు అక్కడే కనబడింది.

సగం సీట్లు మహిళలకు రిజర్వు అయ్యాయి. కొన్ని వార్డుల్లో గెలిచిన మహిళ ఒకరైతే, పనులు నడిపేది భర్త. అలాంటి చోట వీధిలో మాటలు ఎలా ఉన్నా, మినిట్స్‌లో ఆమె పేరుతో ఉన్న ప్రశ్నలే ఆమె రికార్డు. మా పక్క వార్డులో అందరూ "ఆయన" గురించే మాట్లాడతారు. కాగితాల్లో చూస్తే నీటి సరఫరా మీద ఎక్కువసార్లు అడిగింది ఆమే. ఆ సంగతి మా వాళ్లకు చెప్పినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

పనుల జాబితా వచ్చాక వీధుల్లో నడవండి

జాబితా పట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరండి. కాగితంలో 120 మీటర్ల సీసీ రోడ్డు అని ఉంటే టేపుతో కొలవండి. ఫోటో తీసి తేదీ రాయండి. తేడా కనబడితే వెంటనే "తినేశారు" అనకండి. ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం నకలు అడగండి. ఇంజినీరు ఎంత కొలిచాడో, బిల్లు ఎంతకు ఇచ్చారో అందులో ఉంటుంది. నిధుల పద్దు కూడా చూడండి. ఆర్థిక సంఘం నిధులు, సాధారణ నిధులు, అమృత్ లాంటి పథకాలు వేర్వేరు. ఎమ్మెల్యే నిధులతోనో, ముందటి పాలకవర్గం తీర్మానంతోనో వచ్చిన పనిని ఇప్పటి కౌన్సిలర్ ఖాతాలో వేయకండి. మంజూరు తేదీ చూస్తే తేలిపోతుంది.

తెలంగాణ వాళ్లకు ఇంకో రెండు కొలబద్దలు ఉన్నాయి. 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంటుంది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికేలా చూసే బాధ్యత వార్డు సభ్యుడి మీదా పెట్టింది. అలాగే ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలి. మీ వార్డులో ఆ 60 మంది ఎవరు, ఎన్నిసార్లు కూర్చున్నారు అని అడగండి. ఆ జాబితాలో తమ పేరు ఉన్నట్టు తెలియనివాళ్లు కూడా మీకు తగలొచ్చు.

పార్టీ మారారా?

పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూల్ పార్లమెంటు, శాసనసభలకే వర్తిస్తుంది. కౌన్సిలర్లకు రాష్ట్ర మున్సిపల్ చట్టాల్లోని విప్ (ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) నిబంధన వర్తిస్తుంది. మేయర్ లేదా చైర్మన్ ఎన్నికలో, అవిశ్వాసంలో పార్టీ విప్‌ను ధిక్కరిస్తే పదవి పోవచ్చు. కండువా మార్చుకున్నంత మాత్రాన పోదు. విశాఖలో 2021లో 98 డివిజన్లకు వైసీపీ 58 గెలిచింది. 2025 ఏప్రిల్ 19న మేయర్ మీద అవిశ్వాసం 74 ఓట్లతో నెగ్గింది. నాలుగేళ్లలో సభ లెక్క ఎంత మారిందో ఈ రెండు అంకెలే చెబుతాయి. మీ ఊరిలో అలాంటి ఓటింగ్ జరిగితే ఆ ప్రత్యేక సమావేశపు రికార్డు అడగండి. ఏ గుర్తు మీద గెలిచారు, ఎటు ఓటు వేశారు, ఈ రెండూ పక్కపక్కన రాయండి. ఎంత డబ్బు చేతులు మారిందన్న పుకారు రాయకండి.

మళ్లీ నిలబడగలరా అన్నది రిజర్వేషన్ మీద కూడా ఉంటుంది. వార్డు మహిళలకో, బీసీలకో మారితే ఎంత మంచి కౌన్సిలరైనా వేరే వార్డు వెతుక్కోవాలి. మహిళా స్థానాలను లాటరీ తీస్తారు. ఆ జాబితా వచ్చేదాకా "ఈసారి ఆయనే" అన్న మాటకు అర్థం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికంటే ఎక్కువ పిల్లలు ఉంటే పోటీకి అనర్హత అన్న నిబంధనను 2024 నవంబరులో తీసేశారు. దాంతో ఇంతవరకు పక్కన ఉన్నవాళ్లు కూడా రంగంలోకి రావచ్చు.

అన్నీ ఒకే పేజీలోకి

నేను ఒక ఏ4 కాగితం మీద ఇవి రాశాను: ఓట్ల లెక్క, హాజరు, అడిగిన ప్రశ్నలు తేదీలతో, అభ్యంతరాలు, వార్డులో పూర్తయిన పనులు, ఆగిన పనులు ఎందుకు ఆగాయో, కేసుల దశ. ప్రతి వాక్యం పక్కన ఏ కాగితంలో ఉందో రాశాను. కాగితం లేనిది కొట్టేశాను. మార్కులు వేయలేదు, చదివినవాళ్లు వేసుకుంటారు. ఎన్నికల సమయంలో కరపత్రంగా అచ్చు వేస్తే ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు తప్పకుండా ఉండాలి.

ఎవరికైనా చూపించే ముందు ఆ కౌన్సిలర్‌కే ఇవ్వండి. ఇది మాత్రం ఎంత పని ఉన్నా మానకండి. నేను కాగితం పట్టుకుని వెళ్తే ఆయన మొదట ముఖం చిట్లించాడు. "ఎవరు పంపించారన్నా నిన్ను?" అన్నాడు. ఎవరూ పంపలేదు, నా కాలువ కోసం మొదలుపెట్టానని చెప్పాను. కూర్చోబెట్టి పేజీ అంతా చదివాడు. రెండు సమావేశాలకు రాలేదని రాసిన చోట వేలు పెట్టి, ఆ వారం వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉందన్నాడు. ముందుగానే సెలవు ఉత్తరం ఇచ్చానని ఫైలు తీసి చూపించాడు. ఆ మాట చేర్చాను. సీసీ రోడ్డు మంజూరు తేదీ దగ్గర ఆయన ఏమీ అనలేదు. అది అలాగే ఉంచాను.

మా వీధి పాల బూత్ గోడకు ఆ పేజీ అంటించాం. కింద మూడు గళ్లు ఖాళీగా వదిలాను: తర్వాతి సమావేశం తేదీ, హాజరు, కాలువ టెండర్ సంగతి. రెండోసారి పిలిచిన టెండర్‌కు ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చారని పోయిన వారమే అందులో రాశాం.